కుర్మయ్య కూర్చున్న పలక

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఆ తలుపు కొంచెం చేరవెయ్యి తల్లీ, రోడ్డు మీద లారీల మోతలో సగం మాట కొట్టుకుపోతుంది. ఇది శంషాబాదులో, బెంగుళూరు రోడ్డుకు నాలుగిళ్లు లోపలగా చలపతి అద్దెకున్న ఇంట్లో జరిగింది. తొంభై ఆరో సంవత్సరం, ఒక రెండో శనివారం.

చలపతిది బందరు పక్క ఊరు. కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా లేకుండా గీత గీస్తాడు. మర్యాద సంగతంటావా, వీధికుక్క గుమ్మంలోకి వస్తే "కాస్త అవతలికి వెళ్తావా" అని అడిగే రకం. ఆ మర్యాదే ఆనాడు అంత పని చేసింది.

ఆయన కూతురు చిన్మయి తొమ్మిదో తరగతి. అత్తాపూర్‌లో పెదనాన్న కొడుకులు రాహుల్, లలిత్ ఉన్నారు. వాళ్లకు మస్కట్ నుంచి ఎవరో స్కేట్‌బోర్డులు తెచ్చిచ్చారు. నాలుగు చక్రాల పలక, దాని మీద నిలబడి సిమెంటు రోడ్డు మీద జారిపోవడమే. ఈ పిల్ల ఒక్కసారి ఎక్కుతానంటే "నీకు రాదులే" అన్నారు. రోషం వచ్చి "మా నాన్న నాకే చేసిపెడుతున్నాడు" అనేసి ఇంటికొచ్చింది. చలపతి పాపం సరేనన్నాడు. మొదటి పలక ఒంటి చెక్కతో చేస్తే వీధి వాలులో ఫెళ్లున రెండైంది. రెండోది రెండు చెక్కలు కలిపి మేకులు కొడితే, మేకులు పైకొచ్చి పిల్ల చెప్పులు చీరేశాయి. మూడో ఆదివారం కూడా ఉత్త చేతులతో అత్తాపూర్ పంపితే ఇక తన మాటను కూతురు ఈ జన్మకు నమ్మదని చలపతికి నిద్ర పట్టలేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాడు. పలక బలం చెక్క లావులో లేదు, వంపులో ఉంది. కాగితంలాంటి ప్లైవుడ్ పొరలు ఏడు, మధ్యన తెల్లజిగురు, వంపు తిరిగిన అచ్చులో పెట్టి నొక్కితే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. గ్రాఫ్ కాగితం మీద సగం పలకే గీసి, నడిమికి మడిచి కత్తిరించాడు. విప్పితే రెండు పక్కలూ అచ్చు ఒకటే. దాన్ని అట్ట మీద పెట్టి నమూనా కోశాడు. అంచులు పైకి లేచే వంపు కోసం ఇల్లంతా వెతికాడు. భార్య వేదవతి చాట తీసుకుంటే మరీ లోతు. చివరికి తన సైకిలు మడ్‌గార్డు ఊడదీసి, దాని వంపు గీసుకున్నాడు. నెలరోజులు ఆఫీసుకు బురద చారలతో వెళ్లాడులే.

ఆ గీతలు పట్టుకుని తొండుపల్లి వెళ్తే, వడ్రంగి ప్రేమయ్య చింతమొద్దు చెక్కి రెండు అచ్చులు చేసిచ్చాడు. కిందిది గుంట, పైది ఉబ్బు. "బిగించే క్లాంపులు చర్చి బల్లలకు పెట్టిన సారూ. శనారం ఒంటిగంటకు విప్పి పట్కొస్త. అప్పటిదాంక బరువు పెట్టుండ్రి. జిగురు గుంజుకునే టయిమ్‌ల బరువు తీసినవనుకో, పొరలు విచ్చుకపోతయి. ఇగ అంతే," అన్నాడు. మళ్లీ పొరలు కొనడానికి టింబరు డిపో సోమవారం దాకా తియ్యదు.

శనివారం తొమ్మిదింటికి జిగురు పూసి, అచ్చు మూసి, ముందుగది బల్ల మీద పెట్టారు. దాని మీద ఇంట్లో ఉన్న బియ్యం మూట ఎక్కించారు. ముందుగది కదా, చూసేవాళ్లకు బాగుండదని వేదవతి మీద నుంచి కిందిదాకా బొంత కప్పింది. అంతా సక్రమంగానే ఉంది. పదింటికి వంట మొదలుపెట్టాల్సి వచ్చింది. బియ్యం మూటలోనే ఉన్నాయి.

"రెండు నిమిషాలు దించండి, నాలుగు గ్లాసులు తీసుకుంటాను," అంది వేదవతి.

చలపతి బొంత తీసి మూట దించి, అచ్చు మీద మళ్లీ బొంత కప్పాడు. మూట మూతి విప్పాడు. అప్పుడే ఇంటి యజమాని కుర్మయ్య లోపలికొచ్చి "ఏం సారూ, మంచిగున్నరా" అంటూ, బొంత కప్పిన మెత్తటి చోటు కనబడేసరికి దాని మీద కూలబడ్డాడు.

కుర్మయ్య భారీ మనిషి. ఆటోలో ఆయనెక్కితే పక్కన ఇంకొకరిని ఎక్కించరు. చలపతి గభాలున పక్కకు చేరాడు. వంగి బొంత అంచు ఎత్తి చూశాడు. బియ్యం మూటకు ఒకే పక్క కారిన జిగురు, ఇప్పుడు నాలుగు పక్కలా ముత్యాల్లా సమంగా పొడుచుకొచ్చింది. ఇంత సమమైన బరువు గ్రాఫ్ కాగితం మీద కూడా దొరకదు.

నువ్వే చెప్పు, "బియ్యం మూటకు బదులు కాసేపు మీరుండండి" అని ఇంటాయనతో ఎలా అంటారు? చలపతి వల్ల కాలేదు.

"నేనొచ్చిన పనేందంటే సారూ..." అని కుర్మయ్య మొదలుపెట్టగానే వేదవతి మొగుణ్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికొచ్చాడండీ. వాళ్లావిడ తమ్ముడు ముత్తయ్యకు ఈ ఇల్లు కావాలట, పాలు పోసే రేణుకమ్మ చెప్పింది. ఆ మాట అనకముందే పంపించెయ్యండి."

"ఒంటిగంట దాకా లేవనివ్వకూడదు వేదా."

"అయితే నోరు తెరవనివ్వకూడదు."

మనిషిని కూర్చోబెట్టాలి, మాట్లాడనివ్వకూడదు. ఈ రెంటికీ కలిపి ఒకటే దారి ఉంది. వేదవతి పెనం పెట్టింది.

అల్లం పచ్చడితో పెసరట్టు వచ్చింది. దాని వెనక ఉప్మా. ఆ వెనక కాఫీ. కుర్మయ్య మూతి తుడుచుకుని "సారూ, ఇంటి ముచ్చట..." అంటే కజ్జికాయల పళ్లెం వచ్చింది. "ఇగ నేను పోత" అని లేవబోతే చలపతి రెండు భుజాలూ పట్టుకుని "అంత మాటనకండి, భోజనం చేసి వెళ్లాలి" అని కిందికి నొక్కాడు. చిన్మయి గుమ్మంలో నిలబడి గడియారం చూస్తూ గోళ్లు కొరుక్కుంటోంది. కుర్మయ్య మటుకు లోపల కుమిలిపోతున్నాడు. ఖాళీ చెయ్యమంటారని వీళ్లకు తెలిసిపోయింది, అందుకే ఇంత పెడుతున్నారు, ఇక ఆ మాట ఏ నోటితో చెప్పను అని.

పన్నెండింటికి రేణుకమ్మ పాల డబ్బు కోసం వచ్చి కిటికీలోంచి చూసింది. కుర్మయ్య కళ్లు తేలేసి ఉన్నాడు, అది నాలుగో పెసరట్టు. చలపతి ఆయన భుజాలు అదిమి పట్టుకున్నాడు. వేదవతి గ్లాసుతో మజ్జిగ నోటికి అందిస్తోంది. రేణుకమ్మ ఇక ఆగలేదు, కుర్మయ్య ఇంటికి పరిగెత్తింది.

"అనంతమ్మా, నీ మొగడు చలపతి సారింట్ల కూలబడ్డడు. ఇద్దరు పట్టుకున్నా నిలుస్తలేడు. నోట్ల ఏందో పోస్తున్నరు."

పావుగంటలో అనంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది. ఆమె వెనక తమ్ముడు ముత్తయ్య, దవాఖాన కాంపౌండరు, నులక మంచం మోసుకుంటూ నలుగురు మనుషులు, వాళ్ల వెనక వీధి సగం.

"ఏమైందయ్యా నీకు?"

"ఏం కాలే. తింటున్న."

కాంపౌండరు చెయ్యి పట్టి చూసి "నాడి మంచిగనే ఉంది. కడుపు జర ఎక్కువ నిండింది," అన్నాడు.

"గట్లయితే లే బావా, ఇంటికి పోదాం," అని ముత్తయ్య రెక్క పట్టి లేపాడు. కుర్మయ్య లేవలేదు. ఇద్దరు పట్టారు. ఆయనతో పాటు బల్ల లేచింది. నాలుగు పక్కలా ముత్యాల్లా కారిన జిగురు ఊరికే ఉంటుందా, బొంతలోంచి పంచెదాకా పాకి గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, నడుము పట్టుకున్నట్టున్నది," అన్నాడు కాంపౌండరు, ఈసారి కాస్త భయపడి. అనంతమ్మ శోకం అందుకుంది. వీధి మొత్తం తలో సలహా ఇస్తుండగా ప్రేమయ్య చంకలో సంచి, చేతిలో కొలత టేపు పట్టుకుని లోపలికొచ్చాడు. తొండుపల్లి చర్చికి శవపెట్టెలు చేసేది ప్రేమయ్యేనని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అనంతమ్మ ఆయన టేపు చూసి, మొగుణ్ని చూసి, శోకం ఆపేసింది.

"నువ్వెందుకొచ్చినవ్ ప్రేమయ్యా?"

"కొలత చూద్దామని అక్కా."

"మా ఆచారంల పెట్టె ఉండదయ్యా. ఆయన ఇంకా తింటనే ఉన్నడు."

ప్రేమయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఆయనకు పని తప్ప వేరే ధ్యాస లేదు. వంగి బొంత ఎత్తాడు, అచ్చు పక్కన వేలితో కొట్టి విన్నాడు. "కదలకు కుర్మన్నా. మస్తుగ పట్టింది. నీ అసుంటి బరువు నా కొట్ల ఒక్కటి లేదు."

కుర్మయ్య తన కింద ఉన్నదేమిటో మొదటిసారి వంగి చూసుకున్నాడు. తర్వాత మూలన మూతి విప్పి ఉన్న బియ్యం మూటను చూశాడు. తర్వాత చలపతిని చూశాడు.

"అంటే, పొద్దుగాల్ల సంది నేను మూటనా సారూ?"

చలపతి తల దించుకున్నాడు. "క్షమించండి. అడగడానికి నోరు రాలేదు. పిల్లకు మాటిచ్చాను. రెండుసార్లు తప్పాను." ఇక ఇల్లు పోయినట్టేనని వేదవతి గోడకు ఆనుకుంది.

కుర్మయ్య చిన్మయి వైపు తిరిగాడు. "ఇంకెంతసేపున్నది బిడ్డా?"

"ఇరవై నిమిషాలు తాతా."

"అయితే నన్నెవ్వరు లేపకుండ్రి," అన్నాడు కుర్మయ్య, ఇంకాస్త సర్దుకుని బరువుగా కూర్చుంటూ. "ముప్పై ఏండ్ల సంది మా ఇంట్ల నన్ను లేవమనేటోళ్లే గని కూసోమన్నోళ్లు లేరు. ముత్తయ్యా, నీకు నేను వేరే ఇల్లు చూస్త. గీళ్లు ఉండనీ. అమ్మా వేదవతమ్మా, మజ్జిగ ఇంకో గిలాస ఉన్నదా?"

మంచం మోసుకొచ్చిన నలుగురూ ఆ మంచం మీదే కూర్చున్నారు. వచ్చినవాళ్లందరికీ వేదవతి మజ్జిగ పోసింది. ఒంటిగంటకు, కుర్మయ్య ఇంకా అచ్చు మీద కూర్చుని ఉండగానే, ప్రేమయ్య రెండు చివర్లా క్లాంపులు బిగించాడు. బొంతను కత్తెరతో చుట్టూ కత్తిరించి ఆయన్ను విడదీశారు. సగం బొంత వెనక వేలాడేసుకుని ఆయన ముందు, ఖాళీ మంచం వెనక, అలా ఊరేగింపుగా ఇల్లు చేరాడు.

ఆదివారం పొద్దున అచ్చు విప్పితే, పలక పడవలా వంపు తిరిగి ఉంది. అట్ట నమూనా పెట్టి ప్రేమయ్య చివరలు కోశాడు. పాత రోలర్ స్కేటు ఒకటి రెండుగా కోసి చక్రాలు బిగించారు. అత్తాపూర్‌లో చిన్మయి రెండుసార్లు పడి, మూడోసారి వీధి చివరిదాకా పోయింది. రాహుల్ దాన్ని తిరగేసి చూసి ఎవరు చేశారని అడిగాడు.

"నాన్న గీశాడు, ప్రేమయ్య తాత చెక్కాడు, కుర్మయ్య తాత కూర్చున్నాడు," అంది ఆ పిల్ల.

లలిత్‌కు కూడా అలాంటిదే కావాలన్నాడు. ఆ కబురు ఎలా చేరిందో గాని, మళ్లీ రెండో శనివారం పొద్దున తొమ్మిదింటికి కుర్మయ్య స్నానం చేసి, పాత పంచె కట్టుకుని, ఏమీ తినకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఇది మరిచిపోకు తల్లీ. నీ పిల్లలు ఏదైనా చేసిపెట్టమని మారాం చేసిన రోజున వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇలాగే చెప్పు. కుర్మయ్య బరువు ఎంతని అడిగితే మటుకు చెప్పకు, ఆయన మనవరాళ్లకు ఇంకా సంబంధాలు చూస్తున్నారు.