బ్యాకప్ లైన్ ఉన్న ఇల్లు

“రిసీవర్ ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాల్నే అమ్మా?”

“ఎత్తలె కొడకా. దుమ్ము తుడిచిన.”

“తుడిచినా కదులుతది. ఆఫీసు లైను అది!”

శంషాబాద్‌లోని మా ఇంట్లో మా ఆయనకూ అత్తమ్మకూ మధ్య నెల రోజులుగా నడుస్తున్న ఈ వాదన విని జాలిపడకండి. అసూయపడండి! మా ఇంటికి బ్యాకప్ ఉంది. మీకుందా?

మా ఆయన ఉపేందర్‌ది ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో గోదాములో నెట్‌వర్క్ ఉద్యోగం. ఇంటి నుంచి కూడా పని చూసుకోవడానికి ఫైబర్ కేబుల్ వేయించారు. ఏ జేసీబీ అయినా దాన్ని తెంపితే, హాల్లోని రౌటర్ తనంతట తానే మా పాత ల్యాండ్‌లైన్ మీద గోదాముకు డయల్ చేస్తుంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి! నాగరికత అంటే ఇదే కదా?

దాన్ని కాన్ఫిగర్ చేయడానికి ఆయన మూడు ఆదివారాలు ధారపోశారు. ఏ నంబరుకు చేయాలి, ఎంగేజ్ వస్తే ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు మళ్ళీ ప్రయత్నించాలి... అన్నీ నేర్పారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఒకసారి ఫోన్ ఎత్తకపోతే రెండోసారి చేసి ఎరగని మనిషి! రౌటర్‌కు మాత్రం పదిసార్ల ఓపిక నేర్పారు.

ఫలితం? ఈ నెలలో ఫైబర్ ఒక్కసారీ తెగలేదు. రోజుకో చోట రోడ్డు తవ్వే ఊళ్ళో! మా బ్యాకప్ సంగతి జేసీబీలకు కూడా తెలిసిపోయినట్టుంది.

చిన్న ఇబ్బంది ఒక్కటే. మా అత్తమ్మ సత్తెమ్మ చెల్లెలు అనంతమ్మ రావిర్యాల నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఈ ల్యాండ్‌లైన్‌కే ఫోన్ చేసేది. ఇప్పుడు ఫోన్ మోగగానే మనుషుల కంటే ముందు రౌటర్‌లోని మోడెమ్ ఎత్తి కీచుమంటోంది. మొదటి రోజే నా సెల్‌కు చేసి, “ఏందే బిడ్డా, మీ ఇంట్ల పిల్లులు గిట్ట కొట్లాడుతున్నయా?” అని అడిగింది.

అత్తమ్మకు సెల్ కొనివ్వలేదా అంటారా? కొన్నాం! నలభై ఏళ్ళు కలుపు తీసిన వేలిని టచ్ స్క్రీన్ గుర్తుపట్టదు. నా సెల్ ఇస్తాను. ఐదు నిమిషాలకే “అయిందా అత్తమ్మా?” అంటూ పక్కన నిలబడతాను. “ఆ, అయింది” అని ఇచ్చేస్తుంది. అనంతమ్మకు వచ్చే వారం కంటి ఆపరేషన్. అరవై ఏళ్ళ మనిషి “భయమైతందే అక్కా” అనే మాట దాకా రావడానికి ఐదు నిమిషాలు చాలవని నాకెలా తెలుస్తుంది?

నిన్న పొద్దున ఉప్మా తింటూ ఆయన నాకూ, మా అమ్మాయి పూర్ణిమకూ గర్వంగా చెప్పారు. “నెల రోజులు! ఒక్క ఫెయిల్యూర్ లేదు!”

అత్తమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

“తెగింది కొడకా. నెల రోజులాయె. నీ డబ్బాకు తెల్వలె.”

ఆయన తల తిప్పి రౌటర్ పచ్చ లైట్ల వైపు చూశారు.

“ఒక తొవ్వ బందైతే ఇంకో తొవ్వల పోవాల్నని నువ్వే అంటివి గద. తొమ్మిదింటి బస్సుకు రావిర్యాల పోతున్న. అనంతమ్మ కండ్లు మంచిగయ్యేదాక ఆడనే ఉంట.”

అప్పుడు చూశాను. సంచి గడప దగ్గరే ఉంది.

“మరి నీతోని మాట్లాడాల్నంటే?” అన్నారు ఆయన.

“ఫోన్ చెయ్యి. మేం ముచ్చట్ల వడి ఎత్తకుంటే మల్ల చెయ్యి,” అంది అత్తమ్మ, చెప్పులు వేసుకుంటూ. “పదిసార్లు చెయ్యి.”