దీపం కొంచెం పెంచండి

సాయంత్రం ప్రయోగశాల పెద్దాయన వచ్చేలోపు నాడీకణాలను ఒక్కసారి చూసుకుందాం, అంతే, అనుకుంది వదిన. మరిది కూడా అదే ప్రయోగశాలలో పనిచేయడం వల్ల అక్కడ అందరికీ ఆమె వదినే. అన్నం ఉడికిందో లేదోనని పదిసార్లు మూత తీసే మనిషి. ఇవాళ కణాలు బతికున్నాయని చూపిస్తేనే ఆమె పని సాగుతుంది. లేకపోతే ఆమె పనిచేసే గది ఇంకొకరిది.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆరోగ్యంగా ఉంటే పొడుగాటి దారాల్లా అల్లుకుని ఉంటాయి. చావు దగ్గరపడితే తెగి పూసలవుతాయి. తాను పరీక్షిస్తున్న మందు వేసిన కణాల గాజు పళ్ళేన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, నీలం దీపం వెలిగించింది. దారాలే! అమ్మయ్య అనుకుంది గానీ మనసాగక ఇంకోసారి చూసింది. చూస్తుండగానే ఒక దారం తెగింది. చప్పుడు లేదు. తర్వాత పక్కది. ఆ తర్వాత దాని పక్కది. ఎవరో చెవిలో ఊదుతున్నట్టు, కణం నుంచి కణానికి ఏదో కబురు పాకుతోంది. పళ్ళేన్ని పక్కకు జరిపితే, చావు కూడా ఆమె చూపు వెంటే జరిగింది.

"ఇటోసారి రావయ్యా!" అని మరిదిని కేకేసింది.

"మసకగా ఉంది వదినా, దీపం కొంచెం పెంచు," అంటూ అతను కన్ను ఆనించాడు. "బాబోయ్! నేను చూస్తుంటే ఇంకా తొందరగా పోతున్నాయేంటి?"

"నీ మొహం చూసి జడుసుకున్నాయేమో."

"మందే వికటించింది. మందు వేయని ప్లేటు తియ్యి."

అందులోనూ అంతే. చూసేదాకా దారాలు, చూశాక పూసలు. కణాలను పెంచే వెచ్చటి పెట్టెలోంచి ఇంకొకటి తీశారు. అదీ వాళ్ళ కళ్ళముందే తెగింది.

"అంటురోగమే!" అని మరిది తేల్చేశాడు. మాస్కులు వచ్చాయి. గదంతా స్పిరిట్ వాసన. వసారాలో ఆ మాట కణాల కబురు కంటే వేగంగా పాకి, పెద్దాయన వేళకు ముందే దిగాడు.

"దీపం కొంచెం పెంచమ్మా," అన్నాడు. వదిన మీటను చివరిదాకా తిప్పింది. ఆయన చూసినంత మేరా పూసలే.

"చచ్చే కణం పక్కదానికి సంకేతం పంపుతుందమ్మా. ఇంక ఆగదు. అన్నీ పారేసి గది ఖాళీ చేసెయ్యి," అని, చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్ళిపోయాడు.

పారేయడానికి వదినకు చేతులు రాలేదు. "పోయేవాళ్ళ కళ్ళల్లోకి ఆ వెలుగెందుకు," అని గొణుక్కుని దీపం ఆర్పింది. మందు వేసిన పళ్ళేన్ని వెచ్చటి పెట్టెలో పెట్టి, నిద్రపోయే పిల్లల గది తలుపు వేసినట్టు మెల్లగా మూసింది.

పొద్దు వాలాక పారేద్దామని తీసి, ఆఖరిసారిగా, దీపం బాగా తగ్గించి ఒక్క క్షణం చూసింది. పూసలు ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్ళీ దారాలవుతున్నాయి. పళ్ళెం అంచున, ఇవాళ ఎవరి చూపూ పడని చోట, ఒక్కటి కూడా తెగలేదు. ఇంకాస్త బాగా చూద్దామని ఆమె చేయి తనంతట తానే మీట మీదికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే బిగుసుకుపోయింది.

కబురందుకుని పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు. "బతికాయా! ఏం మందు వేశావమ్మా?"

"కొత్తగా ఏమీ వేయలేదండీ. ఆ దీపమే వాటిని చంపుతోంది. చూడ్డం మానేశాను."

ఆ గది వదినకే మిగిలింది. మర్నాడు, ఆ మాట నిజమో కాదో స్వయంగా చూసి తేల్చడానికి ఇంకొందరు పెద్దలు వచ్చారు. వచ్చిన ప్రతివారూ దీపం కొంచెం పెంచమన్నారు.