నలభైకి నలభై హాజరు

సోమవారం పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి హాలు గుమ్మానికి కెమెరా బిగించాలి, తొమ్మిదింటికి యంత్రం ఆన్ చేయాలి, ఆపైన తన గదికి పోయి థీసిస్ చివరి అధ్యాయం రాసుకోవాలి. పరిశోధనలో చేరి ఐదేళ్లు నిండబోతున్నందున కాలేజీలో అందరూ ఆమెను 'ఐదో ఏడు' అనే పిలుస్తారు. వేసవి పాఠశాల జరిగే ఐదు రోజులూ ఆమె తయారుచేసిన హాజరు యంత్రం సవ్యంగా నడిస్తే థీసిస్ మీద సంతకం పెడతానని డైరెక్టరు మాటిచ్చాడు. నడవకపోతే ఆరో ఏడు.

కృత్రిమ మేధ మీద వేసవి పాఠశాల అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. నాలుగు ఊళ్ల నుంచి నలభై మంది ఎం.టెక్.లు, పిహెచ్.డి.లు వస్తారు. పేరున్న ప్రొఫెసర్లు వచ్చి లైట్లార్పి, తెర వైపు తిరిగి పాఠం చెబుతారు. వెనక మనుషులున్నారో ఖాళీ కుర్చీలున్నాయో వాళ్లకు పట్టదు. డైరెక్టరు హాలు ముఖమే చూడడు. తన గదిలో కూర్చుని హాజరు అంకె చూసుకుంటాడు. అరవై శాతం హాజరు లేనివాళ్లకు సర్టిఫికెట్ లేదన్న నోటీసు మాత్రం ఎర్ర సిరాతో గోడకు అంటించాడు.

యంత్రం ముఖం చూసి మనిషిని పోల్చుకోవాలి. అందుకోసం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఐదో ఏడు అందరికీ ఫోటోలు తీసింది. అప్పటికే అందరి మెడల్లో కార్డులు, కార్డుల మీద అరచేతంత నంబర్లు. ఎదురుగా జవాబు కనిపిస్తుంటే పాఠం చదివే వెర్రివాడెవడు? యంత్రమూ అంతే. ముఖాల జోలికి పోకుండా నంబర్లు బట్టీ పట్టేసింది.

ఈ సంగతి ఆమెకంటే ముందు టోపీవాడు కనిపెట్టాడు. ఎండలో టోపీ, నీడలో టోపీ, పడుకున్నా టోపీ పెట్టుకునే ఆ విద్యార్థి ఆ మధ్యాహ్నం పొరపాటున తన గదిలో ఉండేవాడి కార్డు వేసుకుని హాల్లోకి వెళ్లాడు. హాస్టల్లో గుర్రుపెడుతున్న ఆ రెండోవాడికి హాజరు పడింది.

"ఒరే, అది మొహం చూడట్లేదురా. అట్ట చూస్తోంది" అన్నాడు టోపీవాడు గదికొచ్చి.

"అయితే మనమెందుకు, అట్టను పంపితే పోలా" అన్నాడు రెండోవాడు, దుప్పటి తీయకుండానే.

సాయంత్రానికి నలభై మందికీ తెలిసిపోయింది. కార్డులన్నీ ఒక్కరు మోయాలి, మిగతావాళ్లు ఊరు తిరగాలి. మంగళవారం పొద్దున ఆ ఒక్కరూ ఎవరన్న దగ్గర తగువొచ్చింది. అటుగా హాలు తుడిచే పిన్ని బకెట్టు బండి తోసుకుంటూ వచ్చింది.

"పిన్నీ, ఇవి మెళ్లో వేసుకుని కాసేపు లోపల కూచుంటావా?" అన్నాడు టోపీవాడు.

"నాకు వేరే పన్లేదనుకున్నావా నాయనా?"

"లోపల ఏసీ ఉంది పిన్నీ."

ఆమె చీపురు గోడకానించింది. "ఇలా తే" అంది.

మూడు రోజులు పిన్ని తాళాల కొట్టులా గలగలలాడుతూ గుమ్మం దాటింది. దాటినప్పుడల్లా డైరెక్టరు తెర మీద నలభైకి నలభై. ఏ వేసవి పాఠశాలలోనైనా రెండో రోజుకల్లా సగం మంది సినిమా హాల్లో తేలతారు. ఇక్కడ ఈగ కూడా గైర్హాజరు కాలేదు. డైరెక్టరు ఉబ్బిపోయి, పై ఏటి పాఠశాలను మంజూరు చేసే పెద్ద మేడంకు ఉత్తరం రాశాడు. శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తానని ఆవిడ జవాబిచ్చింది.

గురువారం టీ వేళ డైరెక్టరుకు వరండాలో పడి ఉన్న కార్డొకటి దొరికింది. దాన్ని మెడలో తగిలించుకుని, ఎప్పుడూ లేనిది, హాలు గుమ్మం దాకా వచ్చాడు. యంత్రం ఆయన్ను టోపీవాడి పేరు పెట్టి స్వాగతించింది.

"ఏమిటమ్మా ఇది? నేను వాడిలా ఉన్నానా?" అని ఐదో ఏడు గదికొచ్చి పడ్డాడు. "రేపు మేడం ముందు ఇలా వాగిందంటే నీకు ఆరో ఏడు రాసిపెట్టినట్టే."

"సాయంత్రానికి బాగుచేస్తాను సార్. కార్డు చూసి మోసపోతోంది. ఇకనుంచి మొహమే చూస్తుంది."

చూసేలాగే చేసింది. కెమెరా గడిచిన మూడు రోజుల్లో తీసిన రెండు వేల ఫోటోల్లో కార్డులన్నిటికీ నల్లరంగు పూయించింది. ఏ ఫోటోలో ఎవరెవరున్నారో యంత్రమే ముందు రాసి పెట్టుకుంది కదా, ఆ పేర్లతోనే దానికి మళ్లీ పాఠం చెప్పింది. అదే కుప్పలోంచి తీసి పరీక్ష పెడితే తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. ఈ కంప్యూటరు చదువుల్లో ఒక రోగముంది. ఫోటోలు పుట్లకొద్దీ పోగేస్తారు, ఒక్కటంటే ఒక్కటి కళ్లతో చూడరు. ఐదో ఏడూ చూడలేదు.

శుక్రవారం పెద్ద మేడం వస్తోందని తెలిసి నలభై మందీ తలలు దువ్వుకుని బుద్ధిగా హాలుకొచ్చారు. మేడం, డైరెక్టరు గుమ్మం పక్కన నిలబడ్డారు. ఒకరి వెనక ఒకరు నలభై మందీ లోపలికి వెళ్లారు. తెర మీద అంకె కదల్లేదు. సున్నా.

"హాలు నిండా మనుషులున్నారే" అంది మేడం.

డైరెక్టరు ఐదో ఏడు వైపు చూశాడు. ఐదో ఏడు నేల వైపు చూసింది.

ముందు వరుసలో ఎవరో కంగారులో నీళ్ల సీసా పడేశారు. తుడవడానికి పిన్ని వచ్చింది. మెడలో ఒక్క కార్డూ లేదు, చేతిలో తడిగుడ్డ మాత్రమే. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే తెర మీద నలభై పేర్లు టపటపా వెలిగాయి. నలభైకి నలభై.

"ఆ ఫోటోలు తెరవండి" అంది మేడం.

తెరిచారు. మొదటిది పిన్ని. రెండోది పిన్ని. పదోది పిన్ని, నవ్వుతూ. వెనక వరుసలో టోపీవాడు మొదటిసారి టోపీ తీశాడు.

"మీరు రోజూ వచ్చారా అమ్మా?" అడిగింది మేడం.

"వచ్చానమ్మా. ఈ పిల్లలే పంపారు."

"కూర్చుని ఏం చేశారు?"

"విన్నాను. ఆ గళ్లచొక్కా సారు బాగా చెప్పారు. మనం నేర్పాలనుకున్నది యంత్రం నేర్చుకోదంట, దానికేది తేలికైతే అది నేర్చుకుంటుందంట. ఈ పిల్లలూ అంతేగదా అనుకున్నా."

మేడం ఐదో ఏడు వైపు తిరిగింది. "ఇదెలా జరిగిందో చెప్పగలవా?"

"చెప్పగలను మేడం. రెండుసార్లు తప్పు నేర్పాను. ఒక్క ఫోటో కూడా తెరిచి చూళ్లేదు."

"థీసిస్‌లో రాశావా?"

"లేదండీ. చివరి అధ్యాయం ఇంకా ఖాళీగానే ఉంది."

"ఇదే రాయి. నడిచిన యంత్రాల గురించి బీరువాల నిండా ఉన్నాయి, ఎవరూ చదవరు. ఇది నేను చదువుతాను." ఆపైన డైరెక్టరుతో అంది: "ఈ అమ్మాయికి మీరు సంతకం పెడుతున్నారా, లేక నలభైకి నలభై అని నాకు రాసిన ఉత్తరం గురించి మాట్లాడుకుందామా?"

డైరెక్టరు పెన్ను తీశాడు. ఐదో ఏడు కాగితాల మీద చదవకుండానే సంతకం చేశాడు. అందరి ప్రాణాలూ కుదుటపడబోతుండగా మేడం గోడ మీది నోటీసు చదివింది. దాని ప్రకారం సర్టిఫికెట్‌కు అర్హత ఉన్న మనిషి ఆ హాల్లో ఒక్కరే. డైరెక్టరు ఇంకో కాగితం ముందుకు లాక్కుని, పేరు రాయాల్సిన చోట పెన్ను ఆపి, బకెట్టు వైపు చూసి, "ఇంతకీ నీ పేరేమిటి?" అన్నాడు.

పదకొండేళ్లుగా ఆ హాలు తుడుస్తున్న మనిషిని అంతవరకు గుర్తుపట్టింది యంత్రం ఒక్కటే, అదీ నలభై తప్పు పేర్లతో.