తనిఖీ అధికారి ప్రసంగం

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు తనిఖీ అధికారి వస్తాడు. గేటు దగ్గరే ఆయన్ను పట్టుకుని రికార్డుల గదికి తీసుకెళ్లాలి, మధ్యాహ్నం దాకా కాగితాల్లో ముంచెత్తాలి, ఆరాధనలు జరిగే చాపెల్ పైకప్పు కారుతుంది కాబట్టి అటు మాత్రం పోనివ్వకూడదు. టాబర్ గ్రోవ్ కాలేజీ ప్రెసిడెంట్ లవీనియా క్రచ్‌ఫీల్డ్ గారి పథకం ఇంతే. కాలేజీకి గుర్తింపు పోతే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. సాయం ఆగితే ఆరువందల మంది పిల్లలూ ఇళ్లకు పోతారు. నూట ముప్పై ఏళ్లుగా పత్తి చేల కూలీల బిడ్డల్ని టీచర్లుగా, డాక్టర్లుగా తీర్చి పంపిన చోటికి తాళం పడుతుంది.

ఆ పొద్దున పది గంటల ఆరాధనకు అతిథి పాస్టరు రెవరెండ్ గాంట్ కూడా వస్తున్నారని ఆవిడకు తెలుసు. ఆయన పెందలాడే వస్తారనీ, అధికారి దారి తప్పి ఆలస్యమవుతాడనీ, ఇద్దరూ నల్ల సూటులోనే ఉంటారనీ మాత్రం ఊహించలేదు. ఎనిమిదిన్నరకు గేటులో దిగిన పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని రికార్డుల గదికి నడిపించింది. గాంట్ గారు మర్యాదస్తులు. ఈ కాలేజీ పద్ధతి ఇదేమో అనుకుని వెంట వెళ్లారు.

అసలు అధికారి విమ్‌బర్లీ పది నిమిషాలు తక్కువ పదికి వచ్చి, తెల్ల గ్లవ్స్ వేసుకున్న సిస్టర్ ఎర్నెస్టీన్‌కు దొరికాడు. నల్ల సూటు చూసి అతిథి పాస్టరు ఈయనే అనుకుంది. యాభై ఏళ్లుగా చాపెల్లో వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది ఆమే. ప్రసంగానికి ముందు బోధకుణ్ణి ఏమీ అడగకూడదని మా నల్లవాళ్ల చర్చిల్లో నియమం, పేరుతో సహా. ఆయన మనసు వాక్యం మీదే ఉండాలి.

"ప్రెసిడెంట్ గారు ఎక్కడున్నారండీ? నా దగ్గర ఉన్నది ప్రాథమిక నివేదికే..."

"మాట్లాడకండయ్యా, గొంతు దాచుకోండి. ఎంతుంటే అంతే చెప్పండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు."

ఎత్తయిన కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్లూ, మడత పెట్టిన తెల్ల రుమాలూ చేతికిచ్చింది. హాలంతా లేచి నిలబడింది. ఇరవై ఏళ్లుగా నివేదికలు రాస్తున్నాడు గానీ వాటి కోసం ఎవరూ లేచి నిలబడిన పాపాన పోలేదు. తప్పులు అందరి ముందూ చదివించుకునే ధైర్యం ఈ కాలేజీకి ఉందన్నమాట అనుకుని ఫోల్డరు తెరిచాడు.

"ఇక్కడ లోపాలు పదకొండు."

"నిజం చెప్పండయ్యా," అన్నాడు వెనక వరుసలో ఓ ముసలాయన. ముందు పాపాల చిట్టా విప్పే బోధకులూ, మాటమాటకూ బదులు పలికే హాలూ మావాళ్లకు కొత్త కాదు.

"లైబ్రరీలో పుస్తకాలు చాలవు."

"చాలవు, చాలవు."

ఆర్గన్ మెల్లగా అందుకుంది. విమ్‌బర్లీ గొంతు తనకు తెలియకుండానే లేచింది.

"ఒక్కొక్క అధ్యాపకుడు ఐదేసి క్లాసులు చెబుతున్నాడు."

"నిదానంగా చెప్పండి, తొందరేం లేదు."

ఐదో లోపానికి ఫోల్డరు పక్కన పెట్టేశాడు. ఏడో దానికి రుమాలుతో నుదురు తుడుచుకుంటున్నాడు.

అక్కడ రికార్డుల గదిలో అంకెలు చదివి చదివి లవీనియా గారి గొంతు బొంగురుపోయింది. "అధ్యాపకుడికి పద్నాలుగు మంది చొప్పున పిల్లలు సార్."

"ఆమేన్," అన్నారు గాంట్ గారు.

"మీకేమైనా సందేహాలుంటే..."

"ఒక్కటేనమ్మా. నేను ప్రసంగించాల్సింది ఈ గదిలోనేనా?"

ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. చాపెల్ తలుపు తీసేసరికి "పైకప్పు కారుతోంది!" అంటున్నాడు విమ్‌బర్లీ. "కారుతోంది!" అని హాలంతా ఒప్పుకుంటోంది. ఆవిడ గోడ పట్టుకుంది.

అప్పుడు సిస్టర్ ఎర్నెస్టీన్ సాక్ష్యం చెప్పడానికి లేచింది. "సైన్సు బిల్డింగు కాలిపోయిన ఏడాది క్లాసులు ఇక్కడే జరిగాయి. కారే చోటు నాకొచ్చింది. బకెట్ ఒళ్లో పెట్టుకుని కెమిస్ట్రీ చదివాను. తర్వాత నలభై ఏళ్లు హైస్కూల్లో అదే చెప్పాను."

తర్వాత ఒక అమ్మాయి లేచింది. "పుస్తకం లేదంటే మా సార్ తనది ఇచ్చేశారు. ఇప్పటికీ వెనక్కి అడగలేదు. నాకు లా స్కూల్లో సీటొచ్చింది."

"ఐదు క్లాసులు కాదయ్యా, ఆరు," అన్నాడొక కుర్రాడు. "శనివారాలది మా మేడమ్ జీతం లేకుండా ఊరికే చెబుతారు."

విమ్‌బర్లీ పెన్ను తీశాడు. ఒక్కో లోపం పక్కనా పేర్లతో సహా రాసుకుంటూ పోయాడు. ఒంటిగంటకు కాగితంలో అంచు మిగల్లేదు.

"క్షమించండి సార్," అంది లవీనియా గారు. "మిమ్మల్ని ఇటు రానివ్వకూడదనే అనుకున్నాను."

"మీ రికార్డులన్నీ ముందే చదివానమ్మా. మూసెయ్యమని రాసుకునే వచ్చాను. వాటిలో ఇదేమీ లేదు." మూసెయ్యమని రాసిన ఆఖరి పేజీ ఫోల్డరులోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. లవీనియా గారు అందరి ముందూ ఏడ్చేసింది, సిగ్గుపడలేదు.

ఆరు వారాలకు పదేళ్ల గుర్తింపు వచ్చింది, ఏడాదిలోగా పైకప్పు బాగు చేయించాలన్న షరతుతో. గాంట్ గారు మరో బుధవారం వచ్చి, ఈసారి చాపెల్లోనే, గంటసేపు అద్భుతంగా ప్రసంగించారు. విమ్‌బర్లీ గారంత బాగా చెప్పలేదని సిస్టర్ ఎర్నెస్టీన్ అభిప్రాయం.