గోనె కింద పడవ

బొండాడ అబ్బులు చేసిన రెండడుగుల రేసు పడవ ఈ ఏడు కూడా వదలకముందే గమ్యం చేరింది. గురువారం ఉదయం పదింటికి కాలువ ఎగువ లాకు దగ్గర వదలాల్సిన పడవ, సోమవారం మధ్యాహ్నమే దిగువ లాకు దగ్గర తేలింది. అక్కడ లాకు తలుపులు చూసే లస్కరు నూకరాజు దాన్ని ఒడ్డుకు లాగి, టైము రాసి, గోనెసంచి కప్పాడు.

గోనె కప్పడం తనిఖీవాళ్లు పెట్టిన పద్ధతి. అబ్బులు పేరున పోటీలో ఉన్నది ఒక్క పడవ. వచ్చిన పడవ ఇక్కడా, వదలాల్సిన పడవ అతని షెడ్డులోనూ ఉంటే రెండవుతాయి. ఒకటి కనబడకుండా ఉంటే అభ్యంతరం లేదని రాసిచ్చారు.

అబ్బులు ముప్పై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసినవాడు. అందరూ బొమ్మ పడవలకు బ్యాటరీ మోటార్లు పెడుతుంటే, అతను సోడాబుడ్డంత టర్బైను ఇంజను చేశాడు. కిరసనాయిలుతో నడుస్తుంది. రిమోటు నొక్కితే ఈల వేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఈల సన్నబడి చివరికి చెవికి అందదు. నిమిషానికి లక్షా ఇరవై వేల చుట్లు దాటిన ఏడు, పడవ నాలుగు నిమిషాలు ముందుగా చేరింది. రిజిస్టరులో ‘పట్టిన సమయం’ అన్న గడి కొట్టేసి ‘మిగిలిన సమయం’ అని రాశారు. అబ్బులు టర్బైను రెక్కలు ఇంకాస్త అరగదీశాడు. మరుసటి ఏడు నలభై నిమిషాలు. ఈ ఏడు మూడు రోజులు.

చేరిన పడవను తప్పకుండా వదలాలి. లేకపోతే చేరిందని కమిటీ పెట్టిన సంతకాలు అబద్ధమవుతాయి. ఒకసారి అబ్బులుకు జ్వరమొస్తే ఆటోలో తెచ్చి, వేలు పట్టుకుని రిమోటు మీట నొక్కించారు. ఒకసారి పడవ ముక్కుకు గుర్రపుడెక్క చుట్టుకుని వచ్చింది. ఆ కాలువలో గుర్రపుడెక్క లేదు. పక్క కాలువ నుంచి ట్రాక్టరు మీద తెప్పించి వేశారు.

సోమవారం సాయంత్రం అబ్బులు వచ్చి గోనె ఎత్తి చూశాడు. పడవ పంకాకు ఎర్రంచు కండువా బిగుసుకుని ఉంది. తను నడుముకు కట్టేది అలాంటిదే. దాని మడతలో తన రాగి కడియం ఉంది. అది సబ్బు రాసినా ఊడని కడియం. రావాలంటే చెయ్యన్నా పోవాలి, మనిషన్నా పోవాలి. గోనె పట్టుకున్న చేతికి ఆ కడియం ఇంకా ఉంది.

“వచ్చేసరికి ఇంజను వేడిగా ఉందా?” అని అడిగాడు.

“చెయ్యి పెట్టలేకపోయానన్నా.”

“ఈల?”

“వినబళ్లేదు.”

“అయితే బానే తిరిగింది.”

నూకరాజు అతని చేతి కడియం వైపు చూశాడు. “ఈసారి కర్రకి కట్టి వదలరాదా?”

మిగతావాళ్లు అలాగే చేస్తారు. అబ్బులు మాత్రం నడుంలోతు నీళ్లలో దిగి, ఈల వినబడకుండా పోయేదాకా పడవను పంకా ఉన్న వెనకవైపు చేత్తో పట్టుకుంటాడు. కర్ర మీద అతనికి నమ్మకం లేదు.

“కండువాకి కొట్టు చీటీ ఉంది, చూశావా?” అన్నాడు అబ్బులు. “నాదానికి చీటీ ఎప్పుడో పోయింది. ఇదెక్కడిదంటావ్?”

నూకరాజుకు తెలియదు.

మంగళవారం కమిటీ కూర్చుంది. పోయేది చెయ్యా మనిషా అన్నది పడవను బట్టి తేలలేదు. కార్యదర్శి జగ్గారావు ‘మనిషి’ అని రాయించాడు. అబ్బులు భార్య మంగాయమ్మ ఆఫీసుకు వచ్చి బల్ల ముందు నిలబడింది.

“వదలకపోతే ఏవవుద్దండీ?”

“సంతకం పెట్టేశానమ్మా.”

“మీ సంతకం కోసమా మా ఆయన?”

“నాదొక్కటే అయితే ఆలోచించేవాణ్ణి. మూడున్నాయి.”

ముఖ్య అతిథికి బుధవారమే ఖాళీ ఉండటంతో సంతాపసభ ఆరోజే పెట్టారు. అబ్బులు రెండో వరసలో కూర్చున్నాడు. అందరితో పాటు లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాడు. తన గురించి చెప్పినవాటిలో ఒక తేదీ తప్పు పడితే, సరైనది వక్తకు మెల్లిగా అందించాడు. బజ్జీలు చల్లారిపోయాయని పక్కాయనతో అన్నాడు. మంగాయమ్మ లోపలికి రాలేదు. ఇంట్లో అతని కండువాను బియ్యం డబ్బా అడుగున దాచి, దాని మీద కూర్చుంది.

గురువారం అతను కండువా లేకుండానే బయలుదేరాడు. ఆమె వీధి చివరిదాకా వెంట వచ్చి, నడుం వైపు మరోసారి చూసి, వెనక్కి తిరిగింది.

ఎగువ లాకు దగ్గర మైకు పెట్టారు. గెలిచినవాడికి సన్మానం చెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఎవరు గెలిచారో తెలుసు కాబట్టి ముందే కానిచ్చేశారు. జగ్గారావు కొత్త ఎర్రంచు కండువా తీసి అబ్బులు మెడలో వేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

అబ్బులు అంచు పట్టుకుని తిప్పి చూశాడు. కొట్టు చీటీ ఉంది.

“ఓహో,” అన్నాడు. “ఇదన్నమాట.”

“తీసెయ్యకు అబ్బులూ, బావుండదు,” అన్నాడు జగ్గారావు. “ఫోటోలు ఇంకా అవ్వలేదు.”

అబ్బులు తియ్యలేదు. పడవ పట్టుకుని నీళ్లలోకి దిగాడు.

దిగువ లాకు దగ్గర నూకరాజు ఎగువ లాకు నుంచి వచ్చిన ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఈల మొదలైంది. సన్నబడింది. తర్వాత వినబడలేదు. చప్పట్లు వినబడ్డాయి.

అతను గోనె ఎత్తి చూశాడు. పడవ, కండువా, కడియం ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటే. కప్పాల్సిన పని లేదు. గోనె దులిపి, మడిచి, వచ్చే ఏటికి లోపల పెట్టాడు.