బీరువాలో సాగిన ర్యామ్

ఆ వీధిలో అందరూ అతన్ని కొసరాయుడనే పిలిచేవారు. టమాటాలు కొంటే మిరపకాయలు, చొక్కా కొంటే గుండీలు కొసరు పుచ్చుకోనిదే ఏ కొట్టు మెట్టూ దిగేవాడు కాడు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని ఉద్యోగం. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, ఇంట్లో మాత్రం ఎదురుగా ఉన్న తువ్వాలు కూడా భార్య చూపిస్తేనే కనబడుతుంది.

ఆవిడ ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు స్విచ్చి నొక్కి, వెళ్ళి స్నానం చేసి వచ్చినా అది ఇంకా ఆవులిస్తూనే ఉండేది. అందుకని రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్ళేది. సాయంత్రానికి చీలమండలు వాచిపోయేవి. "ఇంట్లో మంచి కంప్యూటరు పెట్టుకుంటే ఇంటినుంచే గీయొచ్చు, కానీ నెలాఖరులోగా తేల్చండి" అన్నాడు వాళ్ళ ఇంజినీరు.

ఒక సాయంత్రం ఆవిడ బకెట్లో వేడినీళ్ళు పోసుకుని, పాదాలు ముంచి, కళ్ళు మూసుకుని కూర్చుంది. కొసరాయుడు గుమ్మంలో నిలబడి చూశాడు. గొంతులో ఏదో అడ్డుపడింది. తయారుగా దొరికే కంప్యూటర్ల ధరలు వాకబు చేస్తే ఇంకా పెద్దదే అడ్డుపడింది. సరే, విడిభాగాలు చవగ్గా కొని, తనే బిగించి, ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలని నిశ్చయించుకున్నాడు.

భాగాల దుకాణంలో మంచి ప్రాసెసరే కొన్నాడు. అక్కడితో అతని చెయ్యి బిగుసుకుపోయింది.

"దీనికి తగ్గ మదర్‌బోర్డు చూపించమంటారా?" అన్నాడు దుకాణదారు.

"తగ్గిందే చూపించండి. ఎంత తగ్గితే అంత మంచిది."

మూల ఉన్న తగ్గింపు బుట్టలో చెయ్యి పెట్టి తనే ఒకటి లాగాడు.

"సాకెట్ చూసుకున్నారా? ప్రాసెసర్ అందులో కూర్చోవాలి కదా!"

"మదరంటే తల్లే కదండీ. తల్లన్నాక ఏ బిడ్డనైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది."

దుకాణదారు రెండు చేతులూ జోడించాడు. అదే ఊపులో కొసరాయుడు ఒక పొట్టి ర్యామ్ ముక్క, ఎవరో వాడి వదిలేసిన పవర్ సప్లై, కొసరుగా రంగులు మారే ఫ్యానూ పట్టుకుని, జగజ్జేతలా ఇంటికొచ్చాడు. అన్నీ బీరువాలో స్వెట్టర్ల వెనక దాచాడు.

రెండోరోజే ఆవిడ అడిగింది. "ఏవండీ, బీరువాలో ఆ పెట్టెలేంటి?"

"చెప్పులు."

"ఒకదాని మీద ఎనిమిది జీబీ అని ఉందే?"

"సైజు."

"ఓహో" అంది ఆవిడ. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎంత అమాయకురాలో అని కొసరాయుడు జాలిపడ్డాడు.

ఆదివారం పొద్దున్నే అన్నీ బల్లమీద పరిచి, "చూశావా! నీకోసం" అన్నాడు. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. అతను మెడలో టార్చి వేలాడేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని ఆపరేషన్ మొదలెట్టాడు. ప్రాసెసరు బోర్డులో బుద్ధిగా కూర్చుంది.

"చెప్పానా! తల్లి ఒడి" అని పొంగిపోయాడు. తర్వాత ర్యామ్ తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఏమోయ్, కొన్నప్పుడు ఇది పొట్టిగా ఉన్నట్టు గుర్తు."

"లోహం వేడికి సాగుతుందంటారు కదండీ. బీరువాలో ఉక్కగా ఉండుంటుంది."

"అవునవును, లోహం కదా!"

ఈల వేసుకుంటూ అన్నీ బిగించేసరికి మూడు గంటలు పట్టింది. ఒక స్క్రూ మిగిలిపోతే, కొసరనుకుని జేబులో వేసుకున్నాడు. మీట నొక్కాడు. ఏమీ వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వెనకాల ఇంకో స్విచ్చుందేమోనండీ... నాకేం తెలుసు" అందావిడ మెల్లగా.

ఆ స్విచ్చి వేయగానే ఫ్యాను ఏడు రంగులూ కక్కింది. తెర వెలిగింది. కొసరాయుడు చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

మర్నాడు ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసి, ఇక ఇంట్లోనే గీస్తానంది. అతను గొప్పలు చెప్పుకోవడానికి భాగాల దుకాణానికి పరిగెత్తాడు.

"అద్భుతంగా పనిచేస్తోందండీ!"

"ఎందుకు చెయ్యదండీ? మీ ఆవిడ పెట్టెలోని బిల్లు పట్టుకొచ్చి బోర్డు మార్చుకెళ్ళారు, లాప్‌టాప్‌కి పనికొచ్చే మీ పొట్టి ర్యామ్ ఇచ్చేసి పొడుగుది తీసుకెళ్ళారు. పవర్ సప్లై కొత్తది కొని, మీ పాతదాని స్టిక్కరు పీకి దానికి అంటించమన్నారు. ఆ పాతది గనక పెట్టుంటే ఇల్లంతా పొగే!"

కొసరాయుడు ఇంటికి నడిచొచ్చేసరికి ఆవిడ చెప్పుల్లేకుండా, కాళ్ళు స్టూలు మీద చాపుకుని ఎవరిదో వంటగది గీస్తోంది. అతను వెనక నిలబడి చాలాసేపు గోడ గోకాడు.

"నాకు ముందే చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి.

ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు. "బిగిస్తున్నంతసేపూ మీరు ఈల వేశారు. పెళ్ళయిన కొత్తల్లో విన్న ఈల. తప్పు బోర్డు తెచ్చారని చెప్తే అది వినబడేదా?"

అతను అక్కడున్న దుమ్మేదో తుడిచినట్టు నటించాడు.

"అన్నట్టు, మా అక్కకీ ఒకటి బిగించి పెడతారని మాటిచ్చేశాను."

"బిగిస్తాను" అన్నాడు తలొంచుకుని. "కొనేటప్పుడు మాత్రం నువ్వు రా. నా వెనకాల కాదు, నాతోపాటే."