ఇరవై ఒక్క అంగుళాల మర్యాద

చార్మినారు చుట్టుపక్కల నివసించే పెద్దమనుషులందరికీ సంతోషంతో విన్నవించేది ఏమంటే, ఫసలీ పదమూడు వందల నలభై ఆరో సంవత్సరంలో, లాడ్ బజార్ వెనక గల్లీలో కాపురముంటున్న విఠల్‌రావు అనే నేను ఒక మోటారు కారు కొన్నాను. అప్పట్లో నేను సర్కారు దఫ్తరులో మున్సరిం ఉద్యోగం వెలగబెడుతున్నాను. మున్సరిం అంటే గుమాస్తాల మీద పెద్ద. గుమాస్తాలు పని చేస్తున్నారో లేదో చూడడం నా పని. నేను చూస్తున్నానో లేదో చూడడానికి నా మీద మొహతమిం సాహెబు ఉండేవారు. ఆయన మీద ఎవరున్నారో తెలుసుకునేంత హోదా నాకు లేదు.

మోటారు కొన్నది డాబు కోసం కాదు. ఈ సంగతి ఎవరూ అడగకముందే గల్లీలో ఇంటింటికీ చెప్పి వచ్చాను. నా భార్య అహల్యకు అప్పుడు ఐదో నెల. అంతకుముందు ఒకసారి, జట్కాలో రాళ్ల బాట మీద ఎగిరెగిరి పడి ఇంటికి వచ్చిన రాత్రే కడుపు పోయింది. ఆ తరువాత చాలాకాలం మా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఈసారి డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. నెలనెలా దవాఖానాకు వచ్చి చూపించుకోవాలి, కానీ దారిలో కుదుపు తగలకూడదు. భార్య అంటే ప్రాణం పెట్టే భర్త ఏం చేస్తాడు? మోటారు కొంటాడు. కొన్నాను. ఇంతవరకు నా నడవడిలో వంక పెట్టడానికి ఏమీ లేదని మీరూ ఒప్పుకుంటారు. కథ ఇక్కడే ఆపితే నాకు గౌరవంగా ఉండేది.

మోటారు పాతది. ఒక నవాబుగారి గుర్రాల తబేలాలో చాలాకాలం కోళ్లకు ఆశ్రయమిచ్చింది. ఇంజను బాగానే ఉంది కానీ చక్రాలు అరిగిపోయాయి. బహదూర్‌పురాలో బాలనర్సింహ అనే మేస్త్రీ ఉండేవాడు. తండ్రి ఎడ్లబండ్ల చక్రాలు చేసేవాడు గనక మోటారు విద్య తనకు పుట్టుకతోనే వచ్చిందని అతని నమ్మకం. అతను రెండు రకాల చక్రాలు తెచ్చి మా వాకిట్లో ఆనించాడు.

“గివి ఇరవై ఒక్క అంగుళాలవి, రావు సాబ్. మస్తు ఎత్తు. గుర్రం నిలబడ్డట్టు ఉంటది బండి. గివి పదహారువి, కొత్త ఫ్యాషన్. బర్రె పండుకున్నట్టు ఉంటది.”

“ఏవి మంచివి?”

“రెండూ మంచియే సాబ్. మీరు ఏవి కొంటే గవి ఇంకా మంచియి.”

తెలియనివారి కోసం వివరిస్తాను. ఎత్తు చక్రానికి టైరు సన్నం, గాలి గట్టి. బాటలో పడి ఉన్న శనగగింజ కూడా ఎక్కినవాడి నడుముకు తెలుస్తుంది. చప్పుడు పక్క మొహల్లా దాకా వినిపిస్తుంది. కానీ సన్నని ఇనుప ఆకులు తళతళలాడుతూ తిరుగుతుంటే చూడడానికి రెండు కళ్లు చాలవు. చిన్న చక్రానికి టైరు లావు, గాలి మెత్తన. గుంతలో దిగినా పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది. చప్పుడు లేదు. అందమూ లేదు.

అహల్య తలుపు చాటు నుంచి వచ్చింది. పూరీల పిండి కలిసిందో లేదో చూసినట్టు రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కింది.

“గీ చిన్నయే వెయ్యుండ్రి. మెత్తగున్నయి,” అని లోపలికి పోయింది.

ఆమె నిర్ణయం మంచినీళ్లు తాగినంత సేపట్లో అయిపోయింది. సర్కారు ఉద్యోగికి ఇక్కడే అనుమానం వస్తుంది. అంత తొందరగా తేలిన విషయాన్ని మా దఫ్తరులో నిర్ణయం అనరు. భార్య అభిప్రాయం విలువైనది కనక దాన్ని భద్రంగా పక్కన పెట్టి, మా అరుగు మీద గల్లీ పెద్దలతో ఒక మజ్లిస్ ఏర్పాటు చేశాను. అధ్యక్షుడు మా పక్కింటి రామానుజం. వాళ్లది గుడి కైంకర్యం చేసుకునే కుటుంబం. అతను మాత్రం లెక్కల దఫ్తరులో పనిచేసేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా మోటారు ఎక్కలేదు కాబట్టి పక్షపాతానికి తావు లేదు.

మొదటి సమావేశంలో చప్పుడు విషయం చర్చకు వచ్చింది. రామానుజం ఉత్తరీయం సర్దుకుని లేచాడు.

“సభ్య మహాశయులారా! మౌనం మునులకు భూషణం, మోటారుకు దూషణం! పత్తర్‌గట్టిలో పట్టుబట్టల దుకాణం రామలింగయ్యను చూడుండ్రి. చిన్న చక్రాల బండి తెచ్చిండు. వస్తడు, పోతడు, ఎవనికీ ఎరుక లేదు. మొన్న తోపుడుబండి వెనక అంతసేపు ఆగినా, బండివాడు మళ్లి చూడలే. పైసలు పోసి కొని దొంగలెక్క తిరుగుడు ఏంది? చప్పుడు లేని మోటారు మేళం లేని పెండ్లి!”

చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను. వక్త మా ఇంటి చాయ్ తాగుతున్నాడు కదా.

రెండో సమావేశంలో అందం విషయం తేలింది. చిన్న చక్రాలు వేస్తే జట్కాలో కూర్చున్న గుమాస్తా తన మున్సరింను కిందికి చూడవలసి వస్తుంది. అప్పుడు రాజ్యపాలన సాగేది ఎట్లా? ఎత్తు చక్రాలే వేయాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. సుఖం విషయం మూడో సమావేశంలో చర్చించవలసి ఉంది కానీ, వేళ మించిపోయిందని వాయిదా వేశాం. ఆ వాయిదా ఇప్పటికీ అమల్లో ఉంది.

ఇంతలో నెలలు గడిచాయి. మజ్లిస్ పని నెమ్మదిగా సాగుతున్నా గర్భం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. అహల్య ప్రతి నెలా మేనాలో దవాఖానాకు వెళ్లి వచ్చేది. భోయీలు అడుగులో అడుగు వేస్తూ నిండు కుండ తొణక్కుండా మోసినట్టు మోసేవాళ్లు. ఇది నాకు చిన్నతనంగా తోచింది. ఇంటి ముందు మోటారు ఉండగా ఇల్లాలు మేనా ఎక్కితే లోకం ఏమనుకుంటుంది? ఇక రావద్దని భోయీలకు చెప్పి పంపేశాను.

ఎత్తు చక్రాలు బిగించిన రోజున నాకు చెమటలు పట్టాయి. మొహతమిం సాహెబు మోటారు పందొమ్మిది అంగుళాల చక్రాల మీద నడుస్తుందని బాలనర్సింహ కనుక్కుని వచ్చాడు. అంటే బజారులో ఇద్దరం ఎదురుపడితే నా తలమీది దస్తారు ఆయన దస్తారు కంటే పైన ఉంటుంది. పై అధికారికి మనం చేసే సలాం కింది నుంచి పైకి పోవాలి. పై నుంచి కిందికి చేసేది సలాం కాదు, ఆశీర్వాదం. మొహతమిం సాహెబును ఆశీర్వదించిన మున్సరింకు మరునాడు దఫ్తరులో కుర్చీ ఉండదు.

మజ్లిస్ అత్యవసరంగా కూడింది. చక్రాలు తగ్గించాలి, లేదా తల తగ్గించాలి. చక్రాలపై ఏకగ్రీవ తీర్మానం జరిగిపోయింది కనక దాన్ని తిరగదోడడం సంప్రదాయం కాదు. కాబట్టి తల తగ్గించాలని నిశ్చయించాం. మోటారులో గద్దెలు తీసేసి ఉత్త పలక మీద కూర్చుంటే లెక్క సరిపోతుంది.

“గద్దె తీసేస్తే ఎట్ల కూసుంటరు సాబ్?” అన్నాడు బాలనర్సింహ.

“మర్యాదగా,” అన్నాను.

అప్పుడు రామానుజం ఇంకో ధర్మసందేహం లేవదీశాడు. వెనక గద్దె అట్లాగే ఉంచితే భార్య తల భర్త తల కంటే పైన ఉంటుంది కదా? శాస్త్రం ఒప్పుకుంటుందా? శాస్త్రాన్ని అడిగే తీరిక లేక దాని తరఫున మేమే ఒప్పుకోలేదు. వెనక గద్దె కూడా తీయించాం. తీసిన గద్దెలు వృథా పోలేదు. మజ్లిస్ సభ్యులు అరుగు మీద వేసుకుని కూర్చున్నారు. చాలా మెత్తగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

నెలలు నిండాయి. ఒకనాటి పొద్దున, నేను దఫ్తరుకు తయారవుతుండగా, నొప్పులు మొదలయ్యాయి. మా ఇంట్లో పనిచేసే కొమురమ్మ పరుగున వచ్చి చెప్పింది. అహల్య గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“మేనా పిలువుండ్రి,” అంది.

“మోటారు ఉండగా మేనా ఎందుకు?” అన్నాను.

ఆమె నా వంక చూసింది. ఆ చూపును వర్ణించే భాష మా దఫ్తరులో లేదు. కానీ వాదించే ఓపిక ఆమెకు లేకపోయింది. కొమురమ్మ భుజం పట్టుకుని మోటారెక్కి, ఆమెతోపాటు వెనక పలక మీద కూర్చుంది. బాలనర్సింహ నడిపాడు. నేను దస్తారు పెట్టుకుని ముందు కూర్చున్నాను.

చప్పుడు సంగతి చెప్పాలంటే, మజ్లిస్ ఊహించిన దానికంటే ఘనంగా జరిగింది. గాజుల దుకాణాలవాళ్లు లేచి బయటికి వచ్చారు. మేడల మీద చిలుకలు పంజరాల్లో కేకలు పెట్టాయి. రెండు వైపులా సలాములే సలాములు. సలాం అందుకున్నవాడు తిరిగి సలాం చెయ్యకపోతే అమర్యాద. సలాం చెయ్యాలంటే బండి నెమ్మదించాలి. అట్లా ఒక్కొక్క రాయినీ పలకరిస్తూ, ఒక్కొక్క సలామునూ అందుకుంటూ సాగాం. వెనక ఆడవాళ్ల కోసం కట్టిన పరదాలో నుంచి మొదట “అమ్మా” అని వినబడింది. తరువాత “నెమ్మది, నెమ్మది” అని వినబడింది. ఆ తరువాత ఏమీ వినబడలేదు.

కడుపు పోయిన నాటి జట్కా గుర్తొచ్చింది. నిజంగా భయపడ్డాను. అయినా నా కుడిచెయ్యి ఎడమవైపు అత్తరువాలాకు సలాం చేస్తూనే ఉంది. అలవాటున్న చెయ్యి యజమానిని అడగదు.

పత్తర్‌గట్టిలో ఒకచోట రాళ్లు దింపుతున్న బండి ఉండి దారి ఇరుకైంది. సరిగ్గా అక్కడే ఎదురుగా మొహతమిం సాహెబు మోటారు వచ్చింది. ఒక్క బండికే సందుంది. నేను దూకి దిగి, నేలను తాకేంతగా వంగి సలాం చేశాను. సాహెబు కూడా దిగారు. పరదా చూశారు. ఆయన మహా సభ్యత గలవారు.

“జనానా సవారీ హై, మున్సరిం సాబ్. పహలే ఆప్!”

ఆడవాళ్ల బండి కనక ముందు మీరే వెళ్లండి అని ఆయన మన్నన. అంతటివారు ఆగి ఉండగా నేను ముందు పోవడమా?

“హుజూర్ ముందు నాకెంత ధైర్యం! పహలే ఆప్!” అన్నాను.

“నహీ నహీ, పహలే ఆప్.”

“అయ్యో, పహలే ఆప్.”

వెనక జట్కాలు బారులు తీరాయి. ఒక్కరూ విసుక్కోలేదు. దుకాణాల మెట్ల మీద జనం నిలబడి వాహ్వా అన్నారు. మర్యాద అంటే ఇట్లా ఉండాలని ఒక ముసలాయన తన మనవడికి చూపించాడు. ఈ తరం చూసి నేర్చుకోవలసిన దృశ్యమే అది. చూస్తున్నవాళ్లలో నొప్పులు పడుతున్నవాళ్లు ఎవరూ లేరు.

పరదా చరచర పక్కకు జరిగింది. కొమురమ్మ తల బయటపెట్టింది.

“గీ లొల్లి ఏందయ్యా! పిల్ల గీ బజార్ల పుట్టాల్నా?”

ఆమె వెనకే అహల్య దిగింది. ముఖాన చెమట, జుట్టు చెదిరిపోయింది. అంతమంది మగవాళ్ల మధ్య ముఖం కప్పుకోకుండానే నడిచింది. దుకాణాల నీడన కిరాయి మేనా ఒకటి ఉంటే భోయీలను చెయ్యెత్తి పిలిచింది. ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

“మీ సలాములు అయినంక రాండ్రి. నేను పోయి కని ఉంట,” అంది.

“నడువుండ్రి బాపూ,” అని కొమురమ్మ భోయీలను అదిలించింది. మేనా మా రెండు మోటార్ల మధ్య నుంచి చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా వెళ్లిపోయింది. దానికి ఎవరూ పహలే ఆప్ అనలేదు.

మా సమస్య కూడా చివరికి గౌరవంగానే పరిష్కారమైంది. ఇద్దరమూ ఒకరికొకరు దారి ఇస్తూ వెనక్కి పోయి, ఇద్దరమూ చుట్టు తిరిగి వెళ్లాం. నేను నది ఒడ్డున ఉన్న జనానా దవాఖానా చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. గుమ్మంలో నర్సమ్మ కనబడగానే అడగవలసిన మాట అడిగాను. మోటారు ఎక్కడ నిలబెడితే పైకిటికీల్లో నుంచి కనబడుతుందని అడిగాను.

ఈ సంఘటనతో పట్నంలో నా పేరు మోగిపోయింది. మొహతమిం సాహెబంతటివారితో బజారు మధ్య సమానంగా మర్యాదలు ఇచ్చిపుచ్చుకున్న మున్సరిం ఇంకొకడు లేడని చెప్పుకున్నారు. అదంతా ఎత్తు చక్రాల మహిమేనని తేల్చారు. రామలింగయ్య తన మెత్తని చక్రాలు పీకించి ఇరవై ఒకటి వేయించాడు. బాలనర్సింహ దుకాణం ముందు పెద్దమనుషులు బారులు తీరారు. గద్దెలు తీయించడం కూడా ఫ్యాషనైంది. నడుములు పట్టేసిన ఉద్యోగులు ఒకరినొకరు గౌరవంగా చూసుకోసాగారు. మొహతమిం సాహెబు ముందుచూపుతో ఇరవై మూడు అంగుళాలకు మారారు. రామానుజానికి సన్మానం జరిగింది. మోటారు ఎక్కకుండానే మోటారు శాస్త్రాన్ని ఔపోసన పట్టినవాడని అతన్ని పొగిడారు.

అరుగు నిండా వచ్చేపోయే జనం. బంధువులు, దఫ్తరువాళ్లు, ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా వచ్చి అడిగారు. ఎన్ని అంగుళాలు? టైరు గాలి ఎంత? ఆకులకు ఏం పూత పూయించావు? చప్పుడు ఇంకా పెంచే వీలుందా? ఓపికగా అందరికీ చెప్పాను. ఇంట్లోకి చూసి ఇంకో మాట అడిగినవాళ్లు లేరు.

తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. మేనా దిగిన కాసేపటికే పుట్టిందట. ఎవరూ అడగలేదు కనక చెప్పే సందర్భం రాలేదు. కనీసం మీరైనా అడుగుతారని ఇంతసేపూ చూశాను. సరే, మీరు అడగాలనుకున్నది కూడా చెప్తాను. ఎత్తు చక్రాలు బహదూర్‌పురాలో ఇంకో జత ఉన్నాయి.